వాన లెక్కకు పాసంగం

గడియారంలో ఏడూ ఇరవై. అనంతపురం ఎర్రనేల ఇంకా కాళ్లు కాల్చే వేళ కాలేదు. వ్యవసాయ పరిశోధన స్థానం గేటు దాటి, దుక్కి చేసి వాన కోసం వదిలిపెట్టిన మడుల గట్టు మీదుగా నడిచి, ఇనుప కంచె వేసిన చిన్న చదరం ముందు ఆగారు మీరు. 2008వ సంవత్సరం, మృగశిర కార్తె, మంగళవారం. పడమటి గాలి అప్పుడే చెవుల్లో హోరుమంటోంది. ఈ గాలి పడమటి కనుమల అవతల, కర్ణాటక తీరంలో తన నీళ్లన్నీ దింపేసి ఖాళీ చేతులతో ఇటు వస్తుంది. అనంతపురం ఆ కొండల వానచాటున ఉంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే ఇక్కడ అది మామూలు సంవత్సరం.

కంచె లోపల నాలుగు కాళ్ల మీద తెల్లటి చెక్కపెట్టె. దాని అసలు పేరు స్టీవెన్‌సన్ స్క్రీన్. గోడలకు బదులు కిటికీ రెక్కల్లాంటి ఏటవాలు పట్టీలు ఉంటాయి. గాలి ఆడాలి, ఎండ లోపలికి రాకూడదు.

"ఏడింటి రీడింగు కదా, ఆలస్యం కాలేదా?" అని అడుగుతారు మీరు.

"ఇదే ఏడు సార్," అంటాడు అబ్జర్వర్. గడియారం చూపేది ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గర నుంచి పోయే రేఖాంశం సమయం. అనంతపురం దానికి బాగా పడమర. ఇక్కడి సూర్యుడికి ఏడు కావాలంటే గడియారం ఏడు దాటి ఇంకో ఇరవై నిమిషాలు నడవాలి. వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో రోజుకు రెండుసార్లు, సూర్యుడి ఏడింటికి, సూర్యుడి రెండింటికి పరికరాలు చూస్తారు. వాన మాత్రం దేశమంతటా ఒకే వేళకు, గడియారం ఎనిమిదిన్నరకు కొలుస్తారు.

పెట్టె తలుపు తీస్తూ, "దగ్గరికి రండి గానీ ఊపిరి అటు వదలకండి," అంటాడు. ముందు పొడి బల్బు చదువుతాడు, తర్వాత తడి బల్బు. తడి బల్బుకు చుట్టిన మస్లిన్ గుడ్డ వత్తి చిన్న సీసాలోని నీళ్లలో మునిగి ఉంది. ఆ రెండు అంకెల తేడాలోంచే గాలిలో తేమ ఎంతో తేలుతుంది. వాటితో పాటు అడ్డంగా పడుకోబెట్టిన థర్మామీటర్లు మరో రెండు. కనిష్ఠ ఉష్ణోగ్రత చూసే దానిలో పాదరసం ఉండదు, స్పిరిటు ఉంటుంది. అందులో గుండుసూది అంత సన్నని పుల్ల. రాత్రి చల్లబడేకొద్దీ స్పిరిటు ఆ పుల్లను తనతో వెనక్కి లాక్కుపోతుంది. తెల్లారి వేడెక్కినప్పుడు పుల్లను అక్కడే వదిలేసి తాను ముందుకు పోతుంది. పుల్ల కొస ఎక్కడ ఆగిందో అదే నిన్న రాత్రి అన్నిటికంటే చల్లని క్షణం. మీరు నిద్రలో ఉండగా గడిచిపోయిన ఆ క్షణాన్ని ఒక పుల్ల కాపలా కాసి అట్టే పెట్టింది. చదవడం అయ్యాక అతను థర్మామీటర్‌ను కాస్త వంచుతాడు. పుల్ల జారి మళ్లీ స్పిరిటు అంచుకు చేరుతుంది, ఈ రాత్రి కోసం.

దశాంశం దాకా చదివాడు. మళ్లీ ఒకసారి చూశాడు. చేతిలో ఉన్న పాకెట్ రిజిస్టర్‌లో రాశాడు.

ఎనిమిదిన్నర. వర్షమాపకం నేలకు అడుగు ఎత్తున ఉంది. పైన గరాటు విప్పి లోపలి సీసా తీస్తే పొడిగా ఉంది. తలకిందులు చేసి చూపిస్తాడు, ఒక చుక్క కూడా రాలదు. అయినా రిజిస్టర్ తెరిచి ఆ రోజు గడిలో 0.0 అని రాస్తాడు.

"పడని వానకు రాసేదేముంది?"

"ఖాళీ వదిలితే నేను రాలేదనుకుంటారు సార్. సున్నా రాస్తే వచ్చినట్టు, చూసినట్టు, వాన లేనట్టు."

ఈ మాట గుర్తుంచుకోండి. ఇప్పుడు మనం వెళ్తున్న గదిలో జరిగేదంతా ఈ సున్నా మీదే నిలబడి ఉంది.

గది చిన్నది. ఒక కంప్యూటర్, ఒక ఫోను, గోడకు జిల్లా పటం. 63 మండలాలు, 19 వేల చదరపు కిలోమీటర్లకు పైగా నేల. రాష్ట్రంలో ఇంతకంటే పెద్ద జిల్లా లేదు. బల్ల ముందు కూర్చున్న శాస్త్రవేత్త తెర మీద ఒక పట్టిక తెరిచి మీ వైపు తిప్పుతారు. ఇది కొత్తగా వస్తోంది. ఈ జూన్ నుంచే భారత వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఐదు రోజుల అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టింది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. ఢిల్లీలో లెక్క కడతారు, హైదరాబాదు వాతావరణ కేంద్రంలో చూసి సవరిస్తారు, అక్కడి నుంచి ఇక్కడికి వస్తుంది.

నిన్నటిదాకా మనకు తెలిసిన సూచన వేరు. "రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది." రేడియోలో చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. దాని వెనక కచ్చితమైన అర్థమే ఉంది. వర్షమాపకాలున్న చోట్లలో నాలుగో వంతుకు మించకుండా వాన పడేటట్టుంటే "ఒకటి రెండు చోట్ల" అంటారు. కానీ నాలుగు జిల్లాల సీమలో ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడ? కదిరి రైతు తనదేననుకుంటాడు, రాయదుర్గం రైతు తనదేననుకుంటాడు.

తెర మీది పట్టికలో ఆ మాటలు లేవు. నిలువు గడుల్లో ఐదు రోజులు. పక్కన వరుసగా వాన ఎన్ని మిల్లీమీటర్లు, గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, మబ్బు, గాలిలో తేమ, గాలి వేగం, గాలి దిక్కు. మబ్బును ఆకాశం ఎనిమిది పాళ్లు అనుకుని చెబుతారు. 6 అంటే ముప్పాతిక ఆకాశం కమ్మినట్టు. దిక్కును డిగ్రీల్లో చెబుతారు. 270 అంటే కిటికీ బయట హోరుమంటున్న ఈ పడమటి గాలే. వాన వరుసలో 2, 3, 2, 2, 1 అని ఉంది. (ఇవి ఆ వారం కాగితం లోంచి ఎత్తిన అంకెలు కావు, పట్టిక ఎలా ఉంటుందో చూపడానికి నేను పెట్టినవి.)

ఈ 2 ఎక్కడి నుంచి వచ్చింది?

వాతావరణ మోడల్ అంటే భూమి మీది గాలినంతా గడులుగా కోసి, ఒక్కో గడిలో వేడి, తేమ, ఒత్తిడి, గాలి ఎంతో రాసుకుని, భౌతికశాస్త్ర సూత్రాలతో కొన్ని నిమిషాల చొప్పున ముందుకు నడిపించే కంప్యూటర్ లెక్క. 2008లో మన దేశంలో నడిచిన మోడల్ గడి దాదాపు 50 కిలోమీటర్ల చదరం. గోడమీది పటం మీద అలాంటి గడులు పేర్చి చూడండి, అనంతపురం జిల్లా మొత్తం ఏడెనిమిదిలో అయిపోతుంది. ఒక్కో గడిలో కొండలున్నా, చెరువున్నా, నల్లరేగడి ఉన్నా, ఎర్రనేల ఉన్నా మోడల్‌కు అదంతా ఒకటే ఎత్తు, ఒకటే నేల. అందుకే దాని అంకె మీ ఊరి అంకె కాలేదు. ఎప్పుడూ కాస్త ఎక్కువో, కాస్త తక్కువో చెబుతూ ఉంటుంది.

ఢిల్లీలో చేసే పని ఇక్కడ మొదలవుతుంది. ఒక్క మోడల్‌ను నమ్ముకోకుండా యూరప్ వాతావరణ కేంద్రానిది, అమెరికాది, జపాన్‌ది, మనది పక్కపక్కన పెడతారు. గడిచిన వానాకాలాల్లో ఒక్కో గడి దగ్గర ఏ మోడల్ చెప్పింది ఎంత నిజమైందో, నేల మీద కొలిచిన వానతో పోల్చి చూస్తారు. ఎక్కువసార్లు నిజమైన దానికి ఎక్కువ తూకం, తప్పిన దానికి తక్కువ. ఆ తూకాలతో కలిపిన అంకెను జిల్లాకు సగటు కడితే ఈ 2 వచ్చింది. నేల మీద కొలిచిన వాన అన్నాను చూశారా, అది ఇందాకటి సీసాల్లో కొలిచిన వాన. అలాంటి వేల సీసాలు, వేల రిజిస్టర్లు.

వాతావరణంలో గణాంకాల వాడకం మన దేశానికి కొత్త కాదు. 1886లోనే హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మీది మంచును చూసి రుతుపవనాల గురించి ముందుగా చెప్పే ప్రయత్నం చేశాడు. 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ కేంబ్రిడ్జ్ గణితవేత్త. కంప్యూటర్ అన్న ఊహే లేని రోజుల్లో ప్రపంచం నలుమూలల పీడనం, ఉష్ణోగ్రత, వాన లెక్కలు తెప్పించి, గుమాస్తాలతో కాగితం మీదే లెక్కలు కట్టించి, దేనికి దేనితో పొత్తు కుదురుతోందో వెతికించాడు. ఎల్‌నినోతో కలిపి మనం ఇప్పుడు చెప్పుకునే దక్షిణ డోలనం ఆ వెతుకులాటలో దొరికిందే. కాకపోతే వాకర్ చూసింది నెలలను, రుతువులను. రేపటి వానకు, ఎల్లుండి ఎండకు ఈ పద్ధతిని కంప్యూటర్ మోడల్‌తో జత చేసిన చోటు చూడాలంటే ఈ గది వదిలి ముప్ఫై ఆరేళ్లు వెనక్కి రావాలి.

1972. అమెరికా. వాషింగ్టన్‌ను ఆనుకుని ఉన్న సిల్వర్ స్ప్రింగ్. జాతీయ వాతావరణ సర్వీసు వారి టెక్నిక్స్ డెవలప్‌మెంట్ లేబొరేటరీ. అక్కడ కంప్యూటర్ మోడళ్లు రోజువారీ పనిలోకి వచ్చి అప్పటికే పదిహేడేళ్లు. పైగాలి పటాలు బాగానే గీస్తున్నాయి. కానీ ఊరి ఫోర్‌కాస్టర్‌కు కావలసింది పైగాలి పటం కాదు, రేపు మధ్యాహ్నం తన ఊళ్లో ఎంత వేడి, వాన పడే అవకాశం నూటికి ఎంత, మబ్బు ఎంత. ఆ రెండింటి మధ్య వంతెన కట్టే పని అప్పటిదాకా ఇంకో దారిలో జరిగింది. విలియం క్లైన్, ఆయన సహచరులు 1959లో చెప్పిన దారి అది. పాత రికార్డుల్లో నిజమైన పైగాలికి, నిజమైన నేల వేడికి సంబంధం కట్టాలి. తర్వాత మోడల్ చెప్పిన పైగాలిని నిజమనుకుని ఆ సంబంధంలో వేయాలి. మోడల్ తప్పు చేయదు అన్న నమ్మకం మీద నడిచే పద్ధతి.

హ్యారీ గ్లాన్, డేల్ లౌరీ అన్న ఇద్దరు ఆ ఏడాది ప్రచురించిన వ్యాసంలో ఆ నమ్మకాన్ని పక్కన పెట్టారు. మోడల్ తప్పు చేస్తుంది, చేయనివ్వండి. అది పాత రోజుల్లో ఏం చెప్పిందో దాచిపెట్టండి. ఆ రోజుల్లో నిజంగా ఏం జరిగిందో దాని పక్కన పెట్టండి. రెండింటికీ నేరుగా సంబంధం కట్టండి. మోడల్ పదేపదే చేసే తప్పు ఆ సంబంధంలోనే ఇమిడిపోతుంది. వాళ్లు ఆ పద్ధతికి పెట్టిన పేరు మోడల్ అవుట్‌పుట్ స్టాటిస్టిక్స్, పొట్టిగా మాస్.

వాళ్ల బల్ల పక్కన నిలబడి చూడండి. ఒక ఊరు. ఒక పక్క మోడల్ చెప్పిన అంకెలు పదుల కొద్దీ ఉన్నాయి: అయిదు వేల అడుగుల ఎత్తున వేడి ఎంత, గాలిలో తేమ ఎంత, గాలి ఎటు. ఇంకో పక్క ఒకే ఒక్క వరుస, ఆ ఊళ్లో ఆ రోజు థర్మామీటర్ చూపిన గరిష్ఠ ఉష్ణోగ్రత. మొదటి పక్క నుంచి ఈ వరుసతో అన్నిటికంటే గట్టిగా కలిసి నడిచే అంకెను కంప్యూటర్ ముందు ఎంచుకుంటుంది. దానికి తోడుగా ఏది కలిస్తే తప్పు ఇంకా తగ్గుతుందో దాన్ని తర్వాత ఎంచుకుంటుంది. అలా మూడోది, నాలుగోది. కొత్తది కలిపినా తప్పు తగ్గని చోట ఆగుతుంది. చివరికి మిగిలేది ఒక సమీకరణం. ఇంత గుణకారం, అంత కూడిక. పదో తరగతి పిల్లవాడు చేయగలిగిన లెక్క. ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి, ఊరికి ఒకటి. 1973లో రెండు వందలకు పైగా అమెరికా నగరాల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఈ పద్ధతిలోకి మారాయి.

ఇక ఆ దేశంలోని ఏదో ఒక వాతావరణ కార్యాలయంలో రాత్రి డ్యూటీ ఫోర్‌కాస్టర్ పక్కన కూర్చోండి. మూలన టెలిప్రింటర్ టకటకలాడుతూ కాగితం కక్కుతోంది. అన్నీ పెద్దక్షరాలు, అంకెలు. అతను ఆ ముక్క చింపి బల్ల మీద పరిచి పెన్సిల్ తీసుకుంటాడు. తన ఊరి పేరు మీద వేలు పెట్టి వరుస వెంట జరుపుతాడు. ఇన్నేళ్లుగా పటాలు చూసి, కిటికీ బయటికి చూసి, అనుభవంతో తాను చేసే సవరణను ఇప్పుడు కాగితం ముందే చేసుకొచ్చింది. అతని మనసులో ఏం మెదులుతుందో ఊహించడం కష్టం కాదు. ఈ కాగితానికి మా ఊరి వెనక ఉన్న కొండ తెలుసా? తెలియదు. కానీ ఆ కొండ వల్ల తన అంచనా ఎన్నిసార్లు, ఎంత తప్పిందో తెలుసు. ఆ తెలివి మొత్తం ఆ కొండ కింద ఏళ్ల తరబడి థర్మామీటర్ చదివిన మనిషి ఇచ్చిందే.

తిరిగి అనంతపురం. పదకొండు దాటింది. గదిలోకి ఒక రైతు వచ్చి కూర్చున్నాడు. కళ్యాణదుర్గం వైపు మనిషి. విత్తన వేరుశనగ గురించి అడగడానికి వచ్చి తెర మీద పట్టిక చూశాడు.

"ఏం మేడమ్, రోజూ రెండు మిల్లీమీటర్లు అని రాసినారే. రెండు మిల్లీమీటర్లతో మాకేం పని? దుమ్ము అణగడానికి గూడా చాలదు."

ఆమె ఓపిగ్గా చెబుతారు. కంప్యూటర్ మన జిల్లాకు ఎప్పుడూ ఇంత ఎక్కువో ఇంత తక్కువో చెబుతుంటే, ఎంత తేడా అన్నది పాత లెక్కల్లో చూసి, ఆ మేరకు సరిచేసి పంపుతారని.

ఆయన తల ఊపుతాడు. "అంటే తక్కెడకు పాసంగం కట్టినట్ల."

ఇంతసేపూ నేను వెతుకుతున్న మాట ఆయన నోట వచ్చింది. సంతలో తూకం వేసే ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూస్తారు. ఒక సిబ్బె కిందికి వాలితే రెండో వైపు చిన్న రాయో, ఇనుప ముక్కో కట్టి కాటా నిలబెడతారు. అదే పాసంగం. తక్కెడను ఎవరూ పారేయరు, దాని వాలు ఎంతో తెలుసుకుని దానికి సరిపడా బరువు కడతారు. గ్లాన్, లౌరీ చేసిన పనికి తెలుగులో ఇంతకంటే మంచి పేరు నాకు దొరకదు.

ఆయన అక్కడితో ఆగలేదు. "తక్కెడ మారిస్తే పాసంగం మళ్లా కట్టల్ల గదా?"

కట్టాలి. ఈ పద్ధతికి ఉన్న అసలు ఇబ్బంది అదే. మోడల్‌ను బాగుచేసిన ప్రతిసారీ దాని తప్పుల తీరు మారిపోతుంది. పాత వాలుకు కట్టిన రాయి కొత్త తక్కెడకు సరిపోదు, కొన్నిసార్లు ఉన్న తప్పును పెంచుతుంది కూడా. కొత్త మోడల్ చెప్పినదీ, నేల మీద జరిగినదీ మళ్లీ పక్కపక్కన పేరితే తప్ప కొత్త సమీకరణం రాదు. అమెరికాలో 1985లో వాడుకలోకి వచ్చిన నెస్టెడ్ గ్రిడ్ మోడల్‌ను, దానికంటే మెరుగైనవి ఎన్నో వచ్చాక కూడా 2009 దాకా నడిపారు. కొన్నేళ్ల తర్వాత దాన్ని మార్చడం మానేసి అలాగే ఉంచారు. మోడల్‌గా పాతదే, కానీ దానికి కట్టిన పాసంగం కదలకుండా ఉండడంతో ఫోర్‌కాస్టర్లు ఆ అంకెలను ఏళ్ల తరబడి చూసుకున్నారు.

మన వైపు తక్కెడ ఒక్కటే కాదు, నేల కూడా కదులుతుంది. వర్షమాపకం పక్కన నాటిన వేపమొక్క పదేళ్లలో చెట్టయి వాన చుక్కలను అడ్డుకుంటుంది. ఆఫీసు కొత్త భవనంలోకి మారినప్పుడు పరికరం మిద్దె మీదికి ఎక్కుతుంది. రిజిస్టర్‌లో మాత్రం అంకెలు అదే వరుసలో పడుతుంటాయి. లెక్క కట్టే కంప్యూటర్‌కు చెట్టు కనబడదు. వాన తగ్గిందనుకుంటుంది.

రైతు ఇందాక అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. రోజూ రెండు మిల్లీమీటర్లతో ఏం పని?

ఆయన అడిగింది ఈ పద్ధతి గుండెకాయ మీదే తగిలింది. నాలుగు మోడళ్లు నాలుగు రోజుల్లో వాన చెబుతాయి. ఒకటి బుధవారం 10 మిల్లీమీటర్లంటుంది, ఇంకోటి గురువారం అంటుంది, మూడోది కర్నూలు వైపంటుంది. అన్నిటినీ కలిపి సగటు కడితే రోజూ కాస్త కాస్త వాన మిగులుతుంది. నేల మీద అలా ఎప్పుడూ పడదు. నాలుగు రోజులు పొడి, ఒక సాయంత్రం ఉరుములతో ఒక్కసారిగా ఇరవై. అదీ ఈ చేనులో పడి గట్టు అవతల పడకపోవచ్చు. గణాంకాల పద్ధతికి తెలియనప్పుడు సగటు దగ్గరికి జరిగే గుణం ఉంది. ఉష్ణోగ్రతల విషయంలో ఆ గుణం మంచిదే, పెద్ద తప్పులను తప్పిస్తుంది. వాన దగ్గరికి వచ్చేసరికి అదే గుణం పెద్ద వానను చిన్నది చేసి, ఎండు రోజును తుంపర రోజు చేస్తుంది.

వేరుశనగ రైతుకు ఆ తేడా చిన్నది కాదు. ఎర్రనేలలో విత్తడానికి పదును కావాలంటే 20 మిల్లీమీటర్లకు తగ్గకుండా పడాలి. ఎకరాకు అరవై కిలోల దాకా విత్తనం పడుతుంది. పదును చాలకుండా వేస్తే గింజ ఉబ్బి, మొలక రాక, మట్టిలోనే చస్తుంది. మళ్లీ కొని మళ్లీ వేయాలి, రెండోసారి అప్పు తెచ్చి.

అందుకే ఈ మధ్యాహ్నం ఆ గదిలో జరిగే పని మీరు చూడాలి. శాస్త్రవేత్త పట్టికను ఉన్నదున్నట్టు పంపరు. ఐదు రోజులకూ కలిపి 10 మిల్లీమీటర్లు వచ్చింది కదా, అది విత్తే వాన కాదు అన్నది మొదటి తీర్పు. గాలి వరుస చూస్తారు: ఐదు రోజులూ పడమటే, వేగం తగ్గలేదు. గాలి జోరు తగ్గనిదే ఇక్కడ సాయంత్రపు మబ్బులు కట్టవని ఆమెకు ఇన్నేళ్ల అనుభవం. అబ్జర్వర్ రిజిస్టర్ తెప్పించి గత వారం ఇదే పట్టిక చెప్పిన వానకు ఎదురుగా సీసాలో కొలిచిన వాన పెడతారు. వరుసగా ఏడు సున్నాలు. అప్పుడు రాయడం మొదలుపెడతారు. "రాబోయే ఐదు రోజుల్లో జిల్లాలో అక్కడక్కడ తుంపరలు మాత్రమే పడే అవకాశం ఉంది. విత్తడానికి సరిపడా పదును వచ్చేదాకా రైతులు వేరుశనగ విత్తవద్దు."

రెండే వాక్యాలు. సాయంత్రం ఆకాశవాణిలో ఇలాంటి వాక్యాలు వచ్చినప్పుడు వాటి వెనక ఢిల్లీ కంప్యూటర్ ఉందని, సిల్వర్ స్ప్రింగ్‌లో పుట్టిన ఊహ ఉందని వినేవాళ్లకు తెలియనవసరం లేదు. కానీ ఆ వాక్యాల్లో ఎక్కువ బరువు మోసింది ఏడు సున్నాలని నేను అనుకుంటాను.

కళ్యాణదుర్గం రైతు లేచి తువ్వాలు భుజాన వేసుకుంటాడు. "అయితే ఆరుద్ర దాకా చూస్తా మేడమ్." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరుగుతాడు. "మా ఊర్లో పడిన వాన గూడా మీ లెక్కలో వస్తాదా?" ఆ ఊళ్లో వర్షమాపకం లేదు. ఆమె ఆ మాటే చెబుతారు.

ఆ మంగళవారం గడిచి చాలా ఏళ్లయింది. జిల్లా రెండు జిల్లాలయింది. మోడళ్ల గడులు 50 కిలోమీటర్ల నుంచి 12కు, 2025 మేలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌తో 6 కిలోమీటర్లకు తగ్గాయి. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో జిల్లా అంచనా, పంట సలహా మన భాషలోనే ఫోనులో చూసుకుంటున్నాం. 2025 ఖరీఫ్‌కు కేంద్ర వ్యవసాయ శాఖ రుతుపవనాల రాకను కృత్రిమ మేధతో అంచనా వేసి, 13 రాష్ట్రాల్లో 3.8 కోట్లకు పైగా రైతులకు ఎస్సెమ్మెస్‌లు పంపింది. ఆ అంచనాలో గూగుల్ న్యూరల్ జీసీఎం ఉంది, యూరప్ కేంద్రం వారి ఏఐ మోడల్ ఉంది. వాటితో కలిపిన మూడో సరుకు మన వాతావరణ శాఖ దగ్గరున్న 125 ఏళ్ల వాన లెక్కలు. అంత కొత్త తక్కెడకూ పాసంగం ఆ పాత రిజిస్టర్లలోంచే వచ్చింది.

మీ మండల కార్యాలయం ఆవరణలోనో, మీ ఊరి పరిశోధన క్షేత్రంలోనో, పిల్లల బడిలోనో ఒక వర్షమాపకం ఉండే ఉంటుంది. ఈసారి అటు వెళ్లినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. గరాటులో ఆకులు పడి ఉంటే తీయించండి. పక్కన చెట్టు మీదికి వాలుతుంటే ఆ సంగతి ఆఫీసులో చెప్పండి. దాన్ని రోజూ చూసే మనిషి ఎవరో కనుక్కుని పలకరించండి. వాన పడని రోజున కూడా గడి ఖాళీ వదలకుండా 0.0 రాయమని అడగండి.